ఒరిసియా గ్యారేజీలో పద్నాలుగు సీసాలు

ఒరిసియా కోస్టియుక్‌కి మతి చలించిందన్న మాట పోస్టాఫీసు కౌంటరు దగ్గర పుట్టి, మధ్యాహ్నానికల్లా కో-ఆప్ కొట్టు దాటి, ఆదివారం నాటికి చర్చి మెట్ల మీద చేరి కూర్చుంది. అందులో మూడు సంగతులున్నాయి. ఒకటి, ఆవిడ తన గ్యారేజీలో వెనక్కి వెనక్కి నడుస్తూ నేల మీద నీళ్ళు చల్లుతోంది. రెండు, ఊరగాయ సీసాలకి మనుషుల పేర్లు పెట్టి వాటితో మాట్లాడుతోంది. మూడు, ఆ మనుషుల్లో ఒకణ్ణి తన తండ్రి తినేశాడని ఆవిడే కేకలేసింది.

మూడూ నిజమే. జనం వాటికి చెప్పుకున్న అర్థమే శుద్ధ అబద్ధం. ఆ పోస్టాఫీసు కౌంటరు వెనక ఉన్నది పాలీ డానిలుక్ గనక, పాలీ నోట్లో పడ్డ మాట ఉన్నదున్నట్టు బయటికి రావడం ఈ వీధిలో ఎవరూ ఎరగరు గనక, జరిగింది జరిగినట్టు చెప్పాల్సి వచ్చింది.

ముందు ఆ నీళ్ళ సంగతి. జనవరిలో ఫాదర్ బోధాన్ ఇంటింటికీ వచ్చి జోర్డాన్ నీళ్ళనే పవిత్ర జలం చల్లి దీవించి వెళ్ళే ఊరు మాది. సెప్టెంబరు నెలలో, పెళ్ళి జోలికి పోని యాభై ఎనిమిదేళ్ళ ఆడమనిషి, చేతిలో చిల్లుల డబ్బా పట్టుకుని, పెదాలు కదుపుతూ నీళ్ళు చల్లుతుంటే ఇంకేమనుకుంటారు? ఫాదర్ పని ఈవిడ ఎత్తుకుందనుకున్నారు. పాలీ అయితే ఇంకో మెట్టెక్కి, "గ్యారేజీలో ఏదో తిరుగుతోంది, దాన్ని తోలుతోంది" అంది.

ఒరిసియా చల్లుతున్నది కర్లింగ్ రింకులో చల్లే నీళ్ళు; ఐస్ మీద బరువైన రాళ్ళు జార్చి గురి చూసే ఆట కర్లింగ్, అది ఆడే చోటు రింకు. శీతాకాలమంతా ఊరు ఊరంతా ఆ రింకులోనే కాలం గడుపుతుంది. గ్రానైట్ రాయి ఐస్ మీద జారాలంటే ఐస్ నున్నగా ఉంటే సరిపోదు. దాని మీద వేడినీళ్ళ చినుకులు చల్లాలి. అవి చిన్న చిన్న బొడిపెల్లా గడ్డకడతాయి. రాయి ఆ బొడిపెల నెత్తి మీదే పరిగెడుతుంది. నీళ్ళ డబ్బా వీపున కట్టుకుని, గొట్టం చేత్తో ఊపుతూ, చల్లిన చోట అడుగు పడకుండా వెనక్కి నడుచుకుంటూ పోవాలి. మా ఊళ్ళో నలభై ఒక్క శీతాకాలాలు ఆ పని చేసినవాడు ఒరిసియా తండ్రి, ముసలాయన వాసిల్. ఈ వసంతంలో ఆయన భుజం నరం తెగింది. డబ్బా ఎత్తావో, ఇంక చెంచా కూడా ఎత్తలేవని డాక్టరు చెప్పేశాడు.

పోనీ ఒరిసియా చేస్తుందా అంటే, ఆవిడ మోకాలు రెండేళ్ళ కిందటే మార్చిన మోకాలు. గ్యారేజీ సిమెంటు మీద పదడుగులు వేరు, నూట యాభై అడుగుల ఐస్ మీద రోజుకి రెండుసార్లు వెనక్కి నడవడం వేరు. ఊళ్ళో ఎవరినడిగినా, "మీ నాన్న ఉన్నాడుగా!" అన్నారు. భుజం సంగతి చెబితే, "అక్టోబరు నాటికి సర్దుకుంటుందిలే, వాసిల్ ఇనప మనిషి" అన్నారు. నలభై ఒక్క ఏళ్ళు ఒకే మనిషి చేస్తే ఆ పని దానంతటదే అవుతుందని అనుకుంటారు జనం.

ఈ బాధ మా ఊరొక్కదానిదే కాదు. కెనడాలో మా సస్కాచ్వాన్ రాష్ట్రమంతా ఎన్నో చిన్న ఊళ్ళలో ఐస్ చేసే ముసలివాళ్ళు మూల పడుతున్నారు. ప్రైరీ రింకుల సంఘంవాళ్ళు ఆలోచించి, పద్నాలుగు ఊళ్ళ నుంచి ఊరికొకర్ని తీసుకుని స్క్రీన్ మీద ప్రత్యక్షంగా ఆరు క్లాసులు చెప్పిద్దామనుకున్నారు. చెప్పడానికి ఒరిసియాని పిలిచారు. ఆవిడ ఇరవై ఆరేళ్ళు బడుల ఆఫీసులో బస్సుల లెక్క చూసింది. కరోనా ఏడు టీచర్లందరికీ ఇంట్లో కూర్చుని పాఠం చెప్పడం నేర్పిన మనిషి. పైగా ఐస్ వాసిల్ కూతురు.

పదమూడు ఊళ్ళు పేర్లు పంపాయి. పంపనిది మా ఊరొక్కటే.

సంఘం ఓ షరతు పెట్టింది. అయిదో క్లాసుకి సంఘం మనిషి వచ్చి కూర్చుంటాడు. కనీసం పదిమంది కనబడకపోతే ఈ క్లాసులు ఆపేసి, ఎప్పుడో తీసిన వీడియో ఒకటి అందరికీ పంపేస్తారు. ఆ వీడియో ఒరిసియా చూసింది. అందులో మనిషి నలభై నిమిషాలు మాట్లాడాడు, నలభై సెకన్లు నీళ్ళు చల్లాడు. అది చూసి ఐస్ చేయగలిగేవాళ్ళకి అసలు అది అక్కర్లేదు. క్లాసు ఆగితే మా ఊరికని ఖాళీగా ఉంచిన పద్నాలుగో కుర్చీ కూడా పోతుంది, నాన్న రింకుకి ఈ ఏడు తాళమే. తాళం పడ్డ రింకు మళ్ళీ తెరుచుకోవడం ఆ చుట్టుపక్కల ఆవిడ చూడలేదు.

"పెట్టెలో చూసి ఎవడూ ఐస్ చెయ్యలేడు" అన్నాడు వాసిల్, బీట్‌రూట్ సూప్‌లో రొట్టె ముంచుకుంటూ.

"నువ్వు ఎవరికైనా ఎదురుగా నిలబడి నేర్పావా నాన్నా?"

"అడిగారా ఎవరైనా?"

"అడిగినవాణ్ణి పక్కకి జరగమన్నావుగా!"

"దారికి అడ్డంగా నిలబడ్డాడు మరి."

మొదటి క్లాసు ఒరిసియా ఎంత శ్రద్ధగా తయారుచేసిందంటే, తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుపడుతుంది. అరవై నాలుగు బొమ్మల పేజీలు. ఐస్ చరిత్ర, నీళ్ళలో సున్నం శాతం, చిల్లుల కొలతలు, ఒక్కటీ వదల్లేదు. మంగళవారం రెండు గంటలకి పదమూడు మంది వచ్చారు. పావుగంటకి కెమెరాలు ఒక్కొక్కటీ నల్లబడ్డాయి. ముప్పయ్యో పేజీ దగ్గర ఎవరో గుడ్డు వేయిస్తున్న చప్పుడు. నలభయ్యో పేజీ దగ్గర బెర్నీ అనే ఆయన గురక. "ఏమైనా సందేహాలున్నాయా?" అని అడిగితే బెర్నీ గురకే సమాధానం. చివరికి స్క్రీన్ మీద మిగిలింది అయిదుగురు. ఆ అయిదుగురిలోనూ ఒకతను కుర్చీ వదిలేసి వెళ్ళిపోయాడు, కుర్చీ మాత్రం శ్రద్ధగా విన్నది.

గురువారం పొద్దున్న చర్చి నేలమాళిగలో పిరోహీలు ఒత్తే పని. పన్నెండు మంది ఆడవాళ్ళు పొడుగాటి బల్ల చుట్టూ, మధ్యలో ఆలుగడ్డ ముద్దల గుట్ట. ఒరిసియా మనసు పనిలో లేదు. అప్పుడే ఊరికి కొత్తగా వచ్చిన ఓ అమ్మాయి బెదురుతూ లోపలికొచ్చింది. ముసలి సోఫీ ఆ అమ్మాయి పేరైనా అడగలేదు. చేతిలో పిండి బిళ్ళ పెట్టింది, మధ్యలో ముద్ద పెట్టింది, "అంచు నొక్కు" అంది. అమ్మాయి నొక్కింది. ముద్ద పక్కనుంచి బయటికొచ్చింది. పక్కనున్నావిడ నవ్వి దాన్ని తీసుకుని మళ్ళీ నొక్కి చూపించింది. మూడో దానికి అంచు నిలిచింది. నాలుగో దాని దగ్గర అమ్మాయే, "పిండికి ఇంత నీళ్ళెందుకు పడతాయి?" అని అడిగింది. అప్పుడు చెప్పింది సోఫీ, దాని సంగతంతా. అమ్మాయి చెవులు రిక్కించుకుని వింది.

ఒరిసియా చేతిలో పిరోహీ అలాగే ఉండిపోయింది.

"ఏమే, దాన్ని నొక్కుతావా, దానికి పాఠం చెబుతావా?" అంది సోఫీ.

ఇంటికెళ్ళి అరవై నాలుగు పేజీల్లో మూడు ఉంచుకుని మిగతావన్నీ తీసేసింది. పదమూడు ఇళ్ళకీ ఫోన్లు చేసింది. "బిస్కట్లు కాల్చే పళ్ళెంలో నీళ్ళు పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. ఓ కాఫీ డబ్బా మూతకి మేకుతో పన్నెండు చిల్లులు కొట్టండి. క్లాసుకి అవి రెండూ పక్కన పెట్టుకుని కూర్చోండి. ఎందుకో అడక్కండి."

లాప్‌టాప్‌ని గ్యారేజీలోకి మార్చింది, వెనక్కి నడవడానికి చోటుండాలి గదా. పెద్ద ఫ్రీజరు పెట్టె మీద లాప్‌టాప్, దాని వెనక అరలో సోయాకూర వేసి ఊరబెట్టిన దోసకాయల సీసాలు పద్నాలుగు. పదమూడింటికి కాగితం ముక్కలు అంటించి పేర్లు రాసింది. క్లాసులో ఒక మనిషి నోరు విప్పితే, అతని సీసా పేరు గోడవైపుకి తిప్పేస్తుంది. పది నిమిషాలైనా పేరు ఇటే చూస్తోందంటే ఆ మనిషి చల్లగా జారుకుంటున్నట్టు లెక్క. అప్పుడతన్ని పిలవాలి, అదీ అతనికి తప్పకుండా తెలిసిన సంగతే అడగాలి. "బెర్నీ, మీ ఊరి బావినీళ్ళు కెటిల్‌లో తెల్లగా పేరుకుంటాయా?" అంటే బెర్నీ పది నిమిషాలు ఆగడు. పద్నాలుగో సీసాకి కాగితం అంటించింది గానీ దాని మీద ఏమీ రాయలేదు.

సోమవారం నాడు ఎవరూ లేకుండా ఒక్కతే క్లాసంతా నడిపి చూసుకునేది. సీసాలని ప్రశ్నలడిగేది, వాటి బదులు తనే తప్పు జవాబులు చెప్పేది, ఆ తప్పుల్ని ఎలా అందుకోవాలో చూసుకునేది. "ఎడమ, కుడి, ఎడమ, కుడి" అని గొణుక్కుంటూ వెనక్కి నడిచేది. గ్యారేజీ కిటికీ కింద కంచె మీదికి వాలిన చిట్టి ఆపిల్ చెట్టొకటి ఉంది. చెట్టు ఒరిసియాది, రాలేది కంచె అవతల పాలీ ఇంటి వైపు. పోస్టాఫీసు పన్నెండింటికి మూస్తారు. ఆ తర్వాత పాలీ బకెట్ పట్టుకుని ఆపిల్స్ ఏరుకోవడానికి వచ్చేది. ఆ సెప్టెంబరులో ఏరినన్ని ఆపిల్స్ ఆ చెట్టు పుట్టాక కాయలేదు.

రెండో క్లాసులో ఒరిసియా నమస్కారం కూడా సరిగ్గా చెప్పలేదు. "పళ్ళెం తియ్యండి. సీసా మూత ఒకటి ఐస్ మీద పెట్టి వేలితో తొయ్యండి" అంది. పదమూడు మూతలు కొంచెం కదిలి అతుక్కుపోయాయి. "ఇప్పుడు సగం పళ్ళెం మీద వేడినీళ్ళు చిల్లుల మూతతో చల్లండి. నిమిషం ఆగి మళ్ళీ తొయ్యండి." రొషెల్ అనే అమ్మాయి మూత పళ్ళెం దాటి, బల్ల దాటి, ఆమె కుక్క నోట్లో పడింది. ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. సీసాలు తిప్పడానికి ఒరిసియా చేతులు చాల్లేదు. ఆ తర్వాత ఇద్దరిద్దరిని స్క్రీన్ మీదే విడి గదుల్లోకి పంపింది, ఒకరి పళ్ళెం ఒకరు చూసుకుని తప్పులు పట్టుకోమని. ఆ వారం ఎవరూ గుడ్లు వేయించలేదు.

మూడో క్లాసు మధ్యలో వాసిల్ లోపలికొచ్చాడు. తిన్నగా అర దగ్గరికెళ్ళి, ఓ సీసా మూత తిప్పి, రెండు దోసకాయలు నమిలాడు.

"నాన్నా! కోరీని తినేశావేం?"

"వీడెవడో గానీ ఉప్పు తక్కువైంది" అంటూ ఆయన స్క్రీన్ వైపు వంగాడు. రొషెల్ నీళ్ళు చల్లుతూ చెయ్యి ఊపుతోంది. కాసేపు చూశాడు, ఇంక ఉండబట్టలేదు. "మోచెయ్యి కాదమ్మాయ్! నడుము. పిల్లాణ్ణి ఉయ్యాల ఊపినట్టు."

"తాతగారూ, ఇలాగా?"

"ఆఁ. వస్తోంది. మళ్ళీ ఊపు."

ఆ నాటి నుంచి మంగళవారం రెండింటికి ముసలాయన తల దువ్వుకుని తన కుర్చీ తనే తెచ్చుకునేవాడు. ఆ రోజు కిటికీ బయట మాత్రం పాలీ బకెట్ కింద పడేసుకుంది. కోరీ అనే వాణ్ణి వాసిల్ తినేసిన కబురు ఆ సాయంత్రానికి కో-ఆప్‌లో పాల అర దగ్గరికి చేరింది.

మా వీధిలో ఎవరింటికైనా కష్టం వచ్చిందని తెలిస్తే అడగరు. గిన్నె తెస్తారు. మర్నాటి నుంచి ఒరిసియా గుమ్మంలోకి గిన్నెలు రావడం మొదలెట్టాయి. క్యాబేజీ ఆకుల్లో చుట్టిన హోలుబ్చీలు, కోడి పులుసు, మళ్ళీ హోలుబ్చీలు. పదిరోజుల్లో తొమ్మిది గిన్నెలు. ఇచ్చినవాళ్ళంతా ఆవిడ చెయ్యి నొక్కి, కళ్ళలోకి జాలిగా చూసి వెళ్ళేవాళ్ళు.

"ఏం నాన్నా, నీకేమైనా జబ్బా? నాతో చెప్పకుండా ఊళ్ళో చెప్పావా?"

"నాకేం, దుక్కలా ఉన్నాను. నీకేనేమో."

పాలీ కంచె మీది నుంచి ఓ గిన్నె అందిస్తూ, "నిద్ర పడుతోందా ఒరిసియా?" అంది.

"శుభ్రంగా పడుతోంది."

"ఆకలి?"

"ఇన్ని హోలుబ్చీలకి సరిపడా ఆకలి ఎవరికుంటుంది పాలీ?"

"ఏదైనా ఉంటే చెప్పుకోవాలి మరి. లోపల పెట్టుకోకూడదు" అంది పాలీ, తన లోపలున్నదంతా అడగలేక నలిగిపోతూ.

నాలుగో క్లాసుకి కూడా పదమూడు మందీ వచ్చారు. ఒరిసియా ఒకటే లెక్క తప్పింది. సెప్టెంబరంతా ముసురు. పొలాలు తడిగా ఉన్నాయి గనకే కోతల వాళ్ళంతా మంగళవారాలు ఇంట్లో ఉన్నారు. అక్టోబరు మొదటి మంగళవారం, అయిదో క్లాసు నాడు, ఫెళ్ళున ఎండ కాసింది. కోత కోసే మనిషి అలాంటి ఎండలో పళ్ళెం ముందు కూర్చుంటాడా? కోతల ఊళ్ళో పుట్టి పెరిగి, ఆ సంగతి మరిచి కేలండరు చూసి తేదీలు పెట్టింది. రెండింటికి స్క్రీన్ మీద నలుగురు. అయిదో మొహం గ్లెన్ ఫ్రీసన్‌ది, సంఘం మనిషి. నీలం చొక్కా, చేతిలో కాగితం.

"నలుగురేనా?" అన్నాడు.

"నలుగురే. మిగతావాళ్ళు కోతల్లో ఉన్నారండీ. వాన పడ్డ రోజు పెడదాం ఈ క్లాసు."

"వాన ఎప్పుడొస్తుందో నేను కేలండర్లో ఎలా రాసుకోనండీ?"

"రాసుకోకండి. కిటికీలోంచి చూడండి."

గ్లెన్‌కి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. శుక్రవారం సాయంత్రం అయిదింటి వరకు గడువిచ్చాడు. ఆ తర్వాత వీడియోలే.

ఒరిసియా పదమూడు ఫోన్లకీ ఒకే సందేశం పంపింది. "మీ ఊళ్ళో వాన పడగానే వచ్చేయండి. నేనిక్కడే కూర్చుని ఉంటాను." బుధవారం ఎండ. గురువారం ఇంకా ఎండ. ఆవిడ గ్యారేజీ తలుపు తెరిచి కుర్చీ వేసుకుని పడమటి ఆకాశం చూస్తూ కూర్చుంది. దారిన పోయేవాళ్ళు చూసి, తలలాడించుకుని, ఇంటికెళ్ళి క్యాబేజీ ఉడకపెట్టారు.

శుక్రవారం పొద్దున్న పడమటి నుంచి మబ్బు కదిలింది. పదకొండున్నరకి అందరికంటే దూరాన పక్క రాష్ట్రం ఆల్బర్టా సరిహద్దు దగ్గరుండే కోరీ స్క్రీన్ మీదికొచ్చాడు, టోపీ తడిసి. పన్నెండింటికి ఇంకో ఇద్దరు. మబ్బు ఏ ఊరి మీదికొస్తే ఆ ఊరి మొహం వెలుగుతోంది. గ్లెన్ కూడా వచ్చాడు, వెనక కిటికీ కనబడేలా కూర్చుని.

ఒరిసియాకి ఒకటే భయం. ముందొచ్చినవాళ్ళు విసిగి వెళ్ళిపోతే పదిమంది ఒకేసారి ఎప్పుడు కనబడతారు? ఆ పూటకి రాసుకున్న పాఠం పక్కన పెట్టేసింది. "కోరీ, నువ్వు నేర్చుకున్నది ఇప్పుడొచ్చిన రొషెల్‌కి చెప్పు. రొషెల్, నీ తర్వాత వచ్చేవాళ్ళకి నువ్వు చెప్పాలి. నేను నోరెత్తను" అంది. అలా ఒకరి తర్వాత ఒకరు వాన వెంబడి రావడం, వచ్చినవాళ్ళకి ముందున్నవాళ్ళు నేర్పడం. రొషెల్ ఎవరికో, "మోచెయ్యి కాదు, నడుము. పిల్లాణ్ణి ఉయ్యాల ఊపినట్టు" అంటుంటే వాసిల్ చప్పున కిందికి చూసి బూటు తాడు కట్టుకున్నాడు. అది అంతకుముందే కట్టి ఉంది.

రెండున్నరకి తొమ్మిది మంది. మా వీధిలో కూడా చినుకులు మొదలయ్యాయి. అరలో ఇంకా నాలుగు సీసాలు పేర్లు చూపిస్తున్నాయి. గ్లెన్ మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు. రెండూ నలభైకి బెర్నీ ఊరు తడిసింది. బెర్నీ ఆయాసపడుతూ, చెవుల్లోంచి గోధుమ పొట్టు దులుపుకుంటూ, ఐస్ సగం విరిగిన పళ్ళెం పట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

పది.

"సరే, పది" అన్నాడు గ్లెన్, కాగితం మీద ఏదో రాసుకుంటూ. "ఆరో క్లాసు పెట్టుకోండి. ఏ రోజో మాత్రం నన్నడక్కండి."

ఒరిసియా కళ్ళు తుడుచుకోబోయి బెర్నీ సీసా తిప్పింది. బెర్నీకి ఇవేవీ తెలియవు. "నీళ్ళు ఎంత వేడిగా ఉండాలన్నావమ్మా? నలభయ్యా?" అన్నాడు.

"యాభై!" అని కిటికీ అవతల నుంచి కేక వినబడింది. "నలభై అయితే చినుకు ఐస్‌కి అతుక్కోకముందే గడ్డకడుతుంది! రెండో వారమే చెప్పింది గదయ్యా, నిద్రపోయావా?"

వాసిల్ కుర్చీలోంచి లేచి కిటికీ తెరిచాడు. అవతల పాలీ డానిలుక్, నెత్తి మీద బోర్లించిన బకెట్, కింద ఒక్క ఆపిల్ కూడా లేదు.

"లోపలికి రావే, తడిసిపోతున్నావు" అంది ఒరిసియా.

పాలీ వచ్చింది. గ్యారేజీ అంతా ఓసారి చూసింది. ఇన్ని వారాలు కిటికీలోంచి చూసిన సీసాలు ఇప్పుడు చేతికందేంత దగ్గరగా ఉన్నాయి. ఒక్కొక్కటీ ఇటు తిప్పి పేరు చదివింది. కోరీ సీసాలో దోసకాయలు లెక్కపెట్టింది. స్క్రీన్ మీద కోరీ బతికే ఉండి ఆమెకి చెయ్యి ఊపాడు. పాలీ కూడా ఊపింది.

"చల్లేటప్పుడు వెనక్కెందుకు నడవాలో తెలుసా?" అన్నాడు వాసిల్, పరీక్ష పెడుతున్నట్టు.

"చల్లిన చోట అడుగు పడకూడదు గదా. అది నాలుగో వారం. చెయ్యి ఒక ఊపు, కాలు ఒక అడుగు. రెండూ కలవాలి." పాలీ విసుక్కుంది. "నన్ను మాటల్లో పెట్టకు వాసిల్. నేను అడగాల్సింది ఉంది."

"అడుగు" అంది ఒరిసియా.

"ఇన్నాళ్ళూ అడగలేక చచ్చిపోయాను. హోలుబ్చీలు చుట్టి చుట్టి చేతులు పడిపోయాయి. ఉన్నదున్నట్టు చెప్పు. వీళ్ళందరి పేర్లూ ఉన్నాయి, ఆ చివరి సీసా మీద కాగితం ఉంది, పేరు లేదు. అది ఎవరిది?"

ఒరిసియా చిల్లుల డబ్బా తీసి పాలీ చేతిలో పెట్టింది.

"ముందు ఇది పట్టుకో. వెనక్కి నడువు. పేరు తర్వాత రాద్దాం."